గదిలో వినిపించని ఇ తీగ: ఒక చేతి తయారీ అకౌస్టిక్ బేస్ గిటార్ కేస్ స్టడీ

నేపథ్యం

నెల్లూరులో నాది గిటార్ల మరమ్మతు, తయారీ పని. వీణలు కూడా వస్తాయి గానీ తక్కువ. పనిలో పెద్ద వాటా చర్చి గాయక బృందాలదే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు నెల్లూరులో 1840లో, ఒంగోలులో 1866లో స్థిరపడ్డారు. ఇప్పుడు ఈ రెండు జిల్లాల్లో ప్రార్థన కూటమంటే పాట, పాటంటే పక్కన ఏదో ఒక వాద్యం.

ఇక్కడ రాస్తున్నది ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతానికి చెందిన ఒక బేస్ వాద్యకారుడి కేసు. మనిషినీ, ఊరినీ, సంఘాన్నీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అకౌస్టిక్ బేస్ (కరెంటు లేకుండా చెక్క పెట్టెతోనే మోగే, కింది స్వరాలు పలికే లావు తీగల గిటారు) కావాలని వచ్చేవాళ్ళు దాదాపు అందరూ పెద్ద పెట్టె అడుగుతారు. ఆ కోరికను ఎంతవరకు ఒప్పుకోవాలి, ఎక్కడ కాదనాలి అన్నది ఈ కేసులో లెక్కతో సహా తేలింది. రాయడానికి కారణం అదే.

సమస్య

ఆదివారం ఆరాధనలో అతను ఎలక్ట్రిక్ బేస్ వాయిస్తాడు. వారం మధ్యలో ఇళ్ళలో కూటాలు ఉంటాయి. చాపల మీద ఇరవై మంది దాకా కూర్చుంటారు. గిటార్లు, ఢోలక్, కంజీర ఉంటాయి. ఆ చిన్న గదిలో యాంప్లిఫయర్ పెడితే ముసలివాళ్ళు చెవులు మూసుకుంటారు. అందుకని ఫ్యాక్టరీలో తయారైన అకౌస్టిక్ బేస్ ఒకటి కొన్నాడు. ఒంటరిగా వాయించుకుంటే బాగానే ఉంటుంది. ఢోలక్ మొదలైతే అన్నిటికంటే కింది స్వరం పలికే ఇ తీగ మాయమైపోతుంది. ఎ తీగ కొంచెం వినిపిస్తుంది, జి తీగ మాత్రం ఉన్నట్టుండి గట్టిగా మోగుతుంది.

"అన్నా, ఎంత పెద్దది చేసినా మోసుకుపోతాను. వినపడితే చాలు" అన్నాడు.

ముందు వాద్యాన్ని బల్ల మీద పెట్టి కొలిచాను. ఈ కొలతకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. తీగలు మోగకుండా మడత పెట్టిన తువ్వాలు వాటి కింద దూర్చాలి. శబ్ద పౌనఃపున్యాలు గీసి చూపే యాప్ ఉన్న ఫోనును సౌండ్‌హోల్‌కు (పైచెక్కలోని గుండ్రటి రంధ్రానికి) జానెడు దూరంలో ఉంచాలి. వేలి కణుపుతో బ్రిడ్జి మీద, అంటే పైచెక్క మీద తీగలు పట్టి ఉండే చెక్క ముక్క మీద, తట్టాలి. తట్టిన ప్రతిసారీ తెర మీద గుట్టలు లేస్తాయి. అందులో మొదటి గుట్ట పెట్టెలోని గాలిది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే ధ్వని ఇలాంటిదే. రెండోది పైచెక్కది. ఈ వాద్యంలో గాలి గుట్ట 100 హెర్ట్జ్ దగ్గర, పైచెక్క గుట్ట 210 దగ్గర కనిపించాయి. ఇవి మామూలు ఆరు తీగల పెద్ద గిటారుకు ఉండే అంకెలే. పైచెక్క ప్లైవుడ్, మందం మూడున్నర మిల్లీమీటర్లు. తయారుచేసినవాళ్ళు గిటారు పెట్టెకే పొడవు మెడ తగిలించి బేస్ అన్నారు.

ఇప్పుడు తీగల అంకెలు చూడండి. బేస్ ఇ తీగ 41.2 హెర్ట్జ్, ఎ 55, డి 73.4, జి 98. జి తీగ ఎందుకు గట్టిగా మోగుతోందో ఇక చెప్పనక్కరలేదు, అది సరిగ్గా గాలి గుట్ట మీద కూర్చుంది. గాలి గుట్ట కంటే దిగువన పడిన స్వరాలను పెట్టె బయటికి పంపలేదు. అక్కడ పైచెక్క నుంచి వచ్చే గాలి తరంగం, రంధ్రం నుంచి వచ్చే తరంగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇ తీగ మూల స్వరం, అంటే ఆ తీగ పుట్టించే స్వరాల్లో అట్టడుగుది, అలా మాయమైపోతోంది.

41 హెర్ట్జ్‌ను వదిలేయడం

ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇది. గాలి గుట్టను 41 దగ్గరకు దించుదామని లెక్క వేస్తే పెట్టె పరిమాణం మనిషి మోయలేనంత అవుతుంది. గాలి గుట్ట పౌనఃపున్యం పెట్టె ఘనపరిమాణపు వర్గమూలానికి విలోమంగా మారుతుంది. లోతు రెట్టింపు చేస్తే 100 కాస్తా 71 అవుతుంది, అంతే. నిలబెట్టి వాయించే డబుల్ బేస్ ఎంత పెద్దదో చూసే ఉంటారు, దాని గాలి గుట్ట కూడా 60 చిల్లర దగ్గరే ఉంటుంది. దాని ఇ తీగ కూడా 41 హెర్ట్జే. అంటే దానికీ మూల స్వరం పూర్తిగా అందదు. అయినా మనకు అది ఎంత నిండుగా వినిపిస్తుంది!

ఎందుకంటే చెవి ఖాళీలు పూరించుకుంటుంది. ఇ తీగ మీటితే 41తో పాటు 82, 123, 165 హెర్ట్జ్ స్వరాలు కూడా పుడతాయి. ఈ పై స్వరాల మధ్య ఎడం సమానంగా 41 ఉండడం వల్ల మూల స్వరం లేకపోయినా మెదడు దాన్ని కల్పించుకుంటుంది. చిన్న ఫోను స్పీకరులో పాట వింటూ కూడా బేస్ నడకను పట్టుకోగలుగుతున్నామంటే ఇందువల్లే. ఆ స్పీకరు 41 హెర్ట్జ్‌ను పలికించలేదు.

కాబట్టి లక్ష్యం మార్చాను. 41ని వెంబడించడం మానేసి 82, 123, 165లను బలంగా బయటికి పంపే వాద్యం చేయాలి. గాలి గుట్ట 80కి కొంచెం దిగువన, పైచెక్క గుట్ట 150 దగ్గర ఉంటే ఈ మూడూ వాటి నడుమ, చుట్టుపక్కల పడతాయి.

ఈ మాట అతనికి చెప్పినప్పుడు నమ్మలేదు. "అయితే పెద్దది చేయరా?" అన్నాడు. 1972లో అమెరికాలో వచ్చిన ఎర్త్‌వుడ్ అనే అకౌస్టిక్ బేస్ 8 అంగుళాలకు పైగా లోతు ఉండేదని, వాయించడానికి కుడి చేతిని చుట్టూ తిప్పి తెచ్చుకోవలసి వచ్చేదని చెప్పాను. అతను బాసింపట్టు వేసుకుని చాప మీద కూర్చుంటాడు, మోటారు సైకిల్ మీద తిరుగుతాడు. చివరికి అతని చంకలో అట్టపెట్టెలు పెట్టి చూసి, ఐదున్నర అంగుళాల లోతు, 17 అంగుళాల వెడల్పు దగ్గర ఆగాం.

పాత వాద్యం మీద ప్రయత్నించినవి

కొత్తది మొదలుపెట్టేముందు కొన్ని ఊహలను పాత వాద్యం మీదే పరీక్షించాను. చెడినా పోయేది పెద్దగా లేదు.

మొదట తీగలు. కంచు చుట్టినవి తీసి నైలాన్ పట్టీ చుట్టినవి వేశాం. గీరుడు తగ్గింది, స్వరం గుండ్రంగా అయింది, శబ్దం మాత్రం ఇంకా తగ్గింది. పై స్వరాలు పోతే చెవికి దొరికే ఆధారమే పోతుంది, పైన చెప్పిన లెక్క ప్రకారం అలాగే జరగాలి. తిరిగి కంచు తీగలకే వచ్చాం.

తర్వాత సౌండ్‌హోల్. దళసరి అట్టతో చక్రాలు కోసి, మధ్యలో వేర్వేరు కొలతల రంధ్రాలు చేసి, కాగితపు టేపుతో అంటించాను. 4 అంగుళాల రంధ్రాన్ని 3కు తగ్గిస్తే గాలి గుట్ట 86కు దిగింది. ఇ తీగ అప్పుడే కొంచెం మెరుగైంది. ఉత్సాహం కొద్దీ 2 అంగుళాలకు తెస్తే గుట్ట 70 దగ్గరకు దిగింది కానీ దాని ఎత్తు చచ్చుబడింది. వాద్యం మొత్తం గొంతు నొక్కినట్టు అయింది. రంధ్రం చిన్నదైన కొద్దీ గాలి రాపిడి పెరుగుతుంది, బయటికి వచ్చే శబ్దం తగ్గుతుంది. రంధ్రం తగ్గించడానికి ఒక హద్దు ఉందని, మిగిలిన దారి మరోచోట వెతకాలని తేలింది.

లోపలి బ్రేసులు (పైచెక్కకు లోపలి వైపు అంటించే చెక్క బద్దలు) చెక్కి పైచెక్కను వదులు చేద్దామన్నది మూడో ఊహ. ప్లైవుడ్ కావడంతో ఎంత చెక్కినా ఫలితం అంతంత మాత్రమే. అక్కడ ఆపేశాను.

కొత్త వాద్యం: చెక్క

అతని మొదటి కోరిక ఎర్రచందనం. "మన వెలిగొండల్లోనే ఉంది కదా" అన్నాడు. ఉంది. జపానులో షామిసెన్ అనే తీగ వాద్యం మెడలకు దాన్నే శ్రేష్ఠమంటారు. కానీ అటవీ శాఖ అనుమతి పత్రాలు లేని ఎర్రచందనం ముక్క కార్ఖానాలో ఉంటే నేను ఉండవలసిన చోటు వేరే అవుతుంది. వెంటనే కాదన్నాను. తోటలో సరుగుడు ఉంది, అది వాడవచ్చా అని వాళ్ళ నాన్న అడిగారు. సరుగుడు కట్టెకు, పందిళ్ళకు మంచిది. ఎండే కొద్దీ మెలి తిరుగుతుంది, పగులుతుంది.

పక్కలకు, వెనుకకు పనస తీసుకున్నాం. బొబ్బిలి, నూజివీడు వీణలు చేసేది పనసతోనే. మన ఎండకు, తేమకు తట్టుకున్న చెక్క అని తరాల అనుభవం చెబుతోంది. మెడ తక్కువ బరువుండే నందివృక్షం. ఫింగర్‌బోర్డు (మెడ మీద వేళ్ళతో నొక్కే పలక), బ్రిడ్జి జిట్రేగి. పైచెక్కకు మాత్రం బయటి నుంచి వచ్చిన స్ప్రూసే. తేలికగా ఉంటూనే నిలువునా బిగువుగా ఉండే చెక్క ఇంకొకటి నాకు ఇక్కడ దొరకలేదు. డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు స్పెయిన్ గిటార్ల తయారీదారు టోరెస్ 1862లోనే జవాబు చెప్పాడు. పక్కలు, వెనుక భాగం కాగితపు గుజ్జుతో చేసి, పైచెక్క మాత్రం మంచిది పెట్టి గిటారు తయారుచేశాడు. పని చేసేది పైచెక్కేనని చూపించడానికి అది చాలు.

తీగ పొడవు

బేస్‌కు వాడుకలో ఉన్న తీగ పొడవు 34 అంగుళాలు. నేను 32 ఎంచుకున్నాను. కారణం బ్రిడ్జి ఎక్కడ పడుతుందన్నది. బ్రిడ్జి పెట్టె కింది భాగపు నడుమ కూర్చుంటేనే పైచెక్క మొత్తం కదులుతుంది. మా పెట్టెలో ఆ చోటు మెడ అతుకు నుంచి పద్నాలుగుంపావు అంగుళాల దూరంలో ఉంది. 32 అంగుళాల తీగకు 14వ మెట్టు దగ్గర మెడ అతికితే బ్రిడ్జి సరిగ్గా అక్కడే పడుతుంది. 34 తీసుకుంటే 15వ మెట్టు దగ్గర అతకాలి, మెడ ఇంకా పొడవవుతుంది, చాప మీద కూర్చున్న మనిషి ఎడమ చెయ్యి సాగదీసుకోవాలి. పైగా అదే తీగ, అదే శ్రుతి అయితే 32లో బిగువు 11 శాతం తగ్గుతుంది. ఇ తీగ కొంచెం వదులవుతుందని తెలుసు, దానికి ఒక అంచె లావు తీగ వేశాం.

పైచెక్క, బ్రేసులు

బేస్ తీగలు లావు కాబట్టి పైచెక్క కూడా దిట్టంగా ఉండాలని చాలామంది అనుకుంటారు. లావు వేరు, బిగువు వేరు. మామూలు స్టీలు బేస్ తీగల మొత్తం బిగువు 70 నుంచి 85 కిలోల మధ్య ఉంటుంది. 12 గేజ్ (తీగ మందం కొలత) తీగలు వేసిన ఆరు తీగల గిటారు మీద కూడా 70 కిలోలు దాటుతుంది. గిటారు పైచెక్క ఏళ్ళ తరబడి మోస్తున్న భారమే ఇది. ఈ అంకె చేతిలో ఉన్నాక దిట్టమైన పైచెక్క అవసరం లేదని ధైర్యం వచ్చింది. నడుమ 3.2, అంచుల వెంట 2.5 మిల్లీమీటర్లకు చిత్రిక పట్టాను. ఎక్స్ ఆకారపు బ్రేసులు వేశాను.

బ్రేసులు మొదట కావాలనే ఎత్తుగా ఉంచాను. చెక్క తీసేయగలం గానీ తిరిగి అంటించలేం. తీగలు ఎక్కించి తట్టి చూస్తే పైచెక్క గుట్ట 190 దగ్గర ఉంది. తీగలు వదులు చేసి, రంధ్రంలోంచి చెయ్యి పెట్టి, బ్రేసుల కొసలను వేలెడంత చిత్రికతో సన్నగా చేస్తూ పోయాను. నాలుగు పొరలు తీయడం, మళ్ళీ బిగించడం, తట్టడం. పొట్టు పల్చగా చుట్టలు చుట్టలుగా అరచేతి మీద రాలుతుంది, కంటికి ఏమీ కనిపించదు, వేళ్ళతోనే మందం పోల్చుకోవాలి. 150 దగ్గర ఆపేశాను. బ్రిడ్జి వెనుక పైచెక్క అప్పటికే కొద్దిగా పొంగడం మొదలైంది.

ఒకే స్వరం అరవడం

గాలి గుట్ట 82 దగ్గర పడింది. కాగితం మీద అది దాదాపు కావలసిన చోటే. వాయిస్తే మాత్రం డి తీగ రెండో మెట్టు మీది ఇ స్వరం, అంటే 82.4, గదిలో అందరికంటే గట్టిగా అరిచి వెంటనే చచ్చిపోయేది. పక్కనున్న స్వరాలు మామూలుగా ఉండేవి. గుట్ట సరిగ్గా ఒక స్వరం మీద కూర్చుంటే ఇదే జరుగుతుంది. తీగలోని శక్తినంతా పెట్టె ఒక్కసారిగా లాగేసుకుంటుంది.

గుట్టను రెండు స్వరాల మధ్యకు జరపాలి. పైకి జరిపితే ఇ తీగకు నష్టం. కిందికి జరపడానికి రంధ్రం ఇంకా తగ్గించవచ్చు, కానీ అప్పటికే మూడున్నర అంగుళాలు. అట్టచక్రాల అనుభవం గుర్తుంది. ఇక్కడ మళ్ళీ టోరెస్ ఉపయోగపడ్డాడు. తన కొన్ని గిటార్లలో సౌండ్‌హోల్ లోపలికి ఒక గొట్టం పెట్టాడు, దాన్ని టోర్నవోజ్ అంటారు. రంధ్రం వెడల్పు మారదు, దాని లోతు పెరుగుతుంది, గాలి గుట్ట దిగుతుంది. ఆయనది లోహపు గొట్టం. నేను పనస పొరను నానబెట్టి, వేడి గొట్టం మీద వంచి, అర అంగుళం లోతున్న కాలరు చేసి రంధ్రం లోపలి అంచుకు అతికించాను. గుట్ట 76కు దిగింది.

76నే ఎందుకు ఎంచుకున్నానంటే, అది డికి, దాని పక్క పై స్వరం డి షార్ప్‌కి మధ్య ఉంది, ఏ స్వరం మీదా కూర్చోదు. ఒకవేళ కొంచెం అటూ ఇటూ అయినా డి షార్ప్ వైపే జరగనిమ్మని అనుకున్నాను. వాళ్ళ గిటారు వాద్యకారులు ఎక్కువగా జి, డి, ఎ శ్రుతుల్లోనే పాడిస్తారు, డి షార్ప్ అరుదు. కీబోర్డు వచ్చిన రోజు మాత్రం లెక్క మారుతుంది. వాళ్ళు శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి ఎక్కడికైనా పోతారు, బేస్‌కు ఆ బటన్ లేదు.

ఎండ, తేమ, బంక

ఇక్కడ వాద్యం చేసేవాళ్ళకు ధ్వని శాస్త్రం కంటే వాతావరణం పెద్ద పరీక్ష. కార్తీకంలో ఈశాన్య రుతుపవనాల వానల్లో గాలిలో తేమ 80 శాతం దాటుతుంది. ఆ తేమలో చెక్కలో నీరు 16 శాతం దాకా ఉంటుంది. 45 శాతం తేమలో అది 9 శాతానికి దిగుతుంది. ఆ తేడాకు 16 అంగుళాల వెడల్పున్న స్ప్రూస్ పైచెక్క దాదాపు 4 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. బ్రేసులు అడ్డంగా అంటి ఉంటాయి కాబట్టి కుదించుకోవడానికి చోటు ఉండదు, పగులుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, 3 మిల్లీమీటర్ల చెక్క ఎంత?

అందుకే బ్రేసులు అంటించే పని వానల్లో పెట్టుకోను. తప్పనిసరైతే బల్బు వెలిగించిన బీరువాలో తేమ కొలిచే గడియారంతో పాటు పైచెక్కను ఉంచి, ముల్లు 45 దగ్గర కొన్నాళ్ళు కదలకుండా ఉన్నాకే బంక పూస్తాను. ఈ వాద్యానికి అలాగే చేశాం. అతను త్వరపెట్టినా ఆగాం.

అయినా వేసవిలో ఒక దెబ్బ తగిలింది. మిట్టమధ్యాహ్నం నల్లటి సంచిలో వేసి మోటారు సైకిల్ మీద కట్టి తీసుకుపోయారు. బ్రిడ్జి వెనుక అంచు పోస్టుకార్డు దూరేంత లేచింది. వడ్రంగులు వాడే తెల్ల బంక 60 డిగ్రీల వేడి దాటితే మెత్తబడుతుంది, తీగల బిగువుకు మెల్లగా జారుతుంది. మూసిన నల్ల సంచిలో ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. బ్రిడ్జిని వేడి కత్తితో ఊడదీసి, రెండు వైపులా చెక్క కనిపించేలా శుభ్రం చేసి, జంతు చర్మం నుంచి తీసే పాతకాలపు బంకతో అతికించాను. పొడి వేడిని అది బాగా ఓర్చుకుంటుంది. దానికి పడనిది తేమ, కాబట్టి బ్రిడ్జి చుట్టూ పాలిష్ సందు లేకుండా వేశాను. సంచి కూడా తెల్లది కుట్టించమన్నాను.

గదిలో ఫలితం

కూటం జరిగే ఇంటికి వెళ్ళి విన్నాను. ఢోలక్ మోగుతుండగా చివరి వరసలో ఇ తీగ నడక స్పష్టంగా అందింది. జి తీగ మిగిలినవాటితో సమానంగా ఉంది. కానీ అతను గది నడుమ కూర్చున్నాడు. గోడకు వీపు ఆనించి, వీలైతే మూలన కూర్చోమన్నాను. తక్కువ పౌనఃపున్యాల తరంగాలు అన్ని వైపులకూ పాకుతాయి, గోడ దగ్గరుంటే వెనక్కి పోయేది కూడా ముందుకే తిరిగి వస్తుంది. తేడా అక్కడున్న అందరికీ తెలిసింది. ఇంత చెక్క చెక్కాక ఖర్చు లేని ఈ మార్పు ఇంత ఫలితం ఇస్తుందా అని నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

వాయించే తీరులో కూడా ఒక మార్పు సూచించాను. మెక్సికో మరియాచీ బృందాల్లో గిటార్రోన్ అనే పెద్ద పొట్ట బేస్ ఉంటుంది. అది మన బేస్ ఇ దాకా దిగదు, దాని అడుగు స్వరం ఎ. దాన్ని వాయించేవాళ్ళు ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో రెండు తీగల మీద కలిపి మీటుతారు. జనం గొంతెత్తి పాడే చరణాల్లో ఇ స్వరానికి డి తీగ రెండో మెట్టును జోడించి మీటమన్నాను. అరుపు పోయింది కాబట్టి ఇప్పుడు ఆ స్వరం పనికొస్తుంది.

ఆరుబయట కూటాల్లో మాత్రం ఇది చాలదు. గోడలు లేనిచోట ఏ చేతి వాద్యమైనా అంతే. అందుకోసం సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నని పట్టీ) కింద పికప్ (తీగల కదలికను స్పీకరుకు అందించే పరికరం) అమర్చాను, స్పీకరు పెట్టినప్పుడు 76 దగ్గర హోరు పుట్టకుండా సౌండ్‌హోల్‌కు రబ్బరు మూత ఇచ్చాను.

తర్వాతి వాద్యాలకు మార్చినవి

కాలరును ఇప్పుడు శాశ్వతంగా అతికించడం లేదు. సన్నని చెక్క చీలలతో పట్టి ఉండేలా చేసి, లోతు వేర్వేరుగా ఉన్న రెండు కాలర్లు ఇస్తున్నాను. ఇల్లు, శ్రుతి, బృందం మారితే వాద్యకారుడే మార్చుకోవచ్చు. బ్రిడ్జికి తెల్ల బంక పూర్తిగా మానేశాను. ఆర్డరు తీసుకునేటప్పుడు వాయించే గది ఫోటో, కూర్చునే చోటు అడుగుతున్నాను, పెట్టె లోతు ఆ తర్వాతే తేలుస్తున్నాను.

ఈ వాద్యానికి సాడిల్స్ కూడా రెండు చేసి ఇచ్చాను. వానల్లో పైచెక్క పొంగి తీగలు మెట్లకు ఎత్తుగా లేస్తాయి, అప్పుడు పొట్టి సాడిల్. ఎండల్లో పైచెక్క కుంగి తీగలు మెట్లకు తగిలి జరజరమంటాయి, అప్పుడు పొడవు సాడిల్. పొట్టిదాని అడుగున ఒక గీత, పొడవుదాని అడుగున రెండు గీతలు గీశాను. కాలం మారినప్పుడల్లా అతనే తీగలు వదులు చేసి మార్చుకుంటున్నాడు.